ఇన్వాయిస్‌లో ‘కమీషన్’ అని రాశాను: విదేశీ క్లయింట్లు, జీఎస్టీ రిఫండ్, నా అనుభవం

జీఎస్టీ ఆఫీసులో ఆ అధికారి నా ఒప్పందం నాలుగో పేజీ తిప్పి, ఒక మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. “ఇది మీరు రాసిందేనా మేడమ్?” అని అడిగారు. ఆ మాట ‘కమీషన్’. రాసింది నేనే. ఎక్కడో చూసిన ఒప్పందాన్ని ముందు పెట్టుకుని, పేర్లు మార్చి, ఒక రాత్రి కూర్చుని తయారు చేసిన కాగితం అది. ఆ మాట రాసేటప్పుడు దాని వెనక ఒక చట్టం సెక్షన్ ఉంటుందన్న ఊహ కూడా నాకు లేదు.

నేను విదేశీ సంస్థలకు మార్కెటింగ్ పనులు చేస్తాను. ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టినప్పుడు పన్నుల విషయంలో నాకు తెలిసింది ఒక్కటే: డబ్బు విదేశం నుంచి వస్తే అది ఎగుమతి, ఎగుమతికి జీఎస్టీ ఉండదు. ఈ రంగంలో కొత్తగా వచ్చేవారికి ఈరోజుకీ అందరూ చెప్పే మాట ఇదే. అందులో సగమే నిజం. ఆ మిగతా సగం తెలియక నేను పడిన ఆందోళన ఇదే పని చేసే మరొకరు పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో నాకు ఇద్దరు క్లయింట్లు. ఒకరు నెదర్లాండ్స్‌లో ఉన్నారు. వాళ్ల దేశంలోని కొనుగోలుదారులకు పంపే ఈమెయిల్ ప్రచారాలు నేను రాసి నడిపేదాన్ని. ఆ పని మీద ఎవరూ ఎప్పుడూ ఏ ప్రశ్నా అడగలేదు. రెండోది జర్మనీలో నీటి నాణ్యతను పరీక్షించే పరికరాలు తయారు చేసే సంస్థ. వాళ్లు భారతదేశంలో అమ్మకాలు పెంచుకోవాలనుకున్నారు. అందుకు ఇక్కడి ఆసుపత్రులు, హోటళ్లు, నీటి ప్లాంట్ల వారికి కనిపించేలా ఆన్‌లైన్ ప్రకటనలు రూపొందించి, ప్రకటన స్థలం కొని, ఫలితాలు చూసి నివేదిక ఇవ్వడం నా పని. చిక్కంతా ఇక్కడే వచ్చింది. ప్రకటన చూసేవారు ఇక్కడే ఉన్నారు, పరికరం కొనేవారూ ఇక్కడే ఉన్నారు, పని చేసే నేనూ ఇక్కడే ఉన్నాను. మరి ఏది ఎగుమతి అయినట్టు?

రాష్ట్రాల మధ్య, దేశాల మధ్య జరిగే లావాదేవీల జీఎస్టీని చూసే ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 2(6) సేవల ఎగుమతికి ఐదు షరతులు పెట్టింది. సేవ ఇచ్చేవారు భారతదేశంలో ఉండాలి. తీసుకునేవారు బయట ఉండాలి. డబ్బు విదేశీ మారకంలో, లేదా రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లో రావాలి. ఇచ్చేవారు, తీసుకునేవారు ఒకే సంస్థకు చెందిన రెండు శాఖలు కాకూడదు. ఈ నాలుగూ నాకు కళ్లు మూసుకుని సరిపోతాయి. ఐదోది, ‘సరఫరా స్థలం’ భారతదేశం బయట ఉండాలన్నది. మామూలుగా సేవ తీసుకునేవారు ఎక్కడుంటే సరఫరా స్థలం అదే. కానీ సేవ ఇచ్చేవారు ‘మధ్యవర్తి’, అంటే వేరే ఇద్దరి మధ్య లావాదేవీ కుదిర్చేవారు అయితే, నా ఇన్వాయిస్‌ల కాలానికి అమల్లో ఉన్న సెక్షన్ 13(8)(బి) ప్రకారం, సరఫరా స్థలం మధ్యవర్తి ఉన్న చోటే. అంటే ఇండియాలోనే. అప్పుడది ఎగుమతి కాదు, 18 శాతం పన్ను కట్టాల్సిన మామూలు సేవ.

మొదటి రెండేళ్లు ఇవేవీ నా దాకా రాలేదు. సేవలకు వార్షిక టర్నోవర్ 20 లక్షలు దాటాక రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. ఏటా ఆర్థిక సంవత్సరం మొదట్లో జీఎస్టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారం నింపి ఎల్‌యూటీ, అంటే లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ ఇచ్చేదాన్ని. అది ఉంటే పన్ను కట్టకుండానే ఎగుమతి ఇన్వాయిస్ ఇవ్వవచ్చు. ఒక ఏడాది ఏప్రిల్ 3న ఇన్వాయిస్ ఇచ్చి, ఎల్‌యూటీ మాత్రం 20న దాఖలు చేశాను. రెండు రోజులు నిద్ర పట్టలేదు. మా ఆడిటర్ గారు 2018 మార్చి నాటి 37/11/2018 సర్క్యులర్ తీసి చూపించారు. ఎగుమతి నిజంగా జరిగి ఉంటే ఎల్‌యూటీ ఆలస్యాన్ని మన్నించవచ్చని అందులో ఉంది. ఊపిరి పీల్చుకున్నాను. ఎల్‌యూటీ కింద ఇచ్చిన ఇన్వాయిస్‌కు ఏడాదిలోగా డబ్బు రాకపోతే పన్ను వడ్డీతో సహా కట్టాలన్న సంగతి కూడా ఆరోజే తెలిసింది.

రిఫండ్ సంగతికి వస్తాను. ఎగుమతికి పన్ను లేకపోయినా, ఆ పని కోసం మనం కొన్నవాటి మీద జీఎస్టీ కడుతూనే ఉంటాం. ఆ పన్ను క్రెడిట్‌గా, అంటే తర్వాత కట్టాల్సిన పన్నులో సర్దుకోగల మొత్తంగా, పోర్టల్‌లోని మన ఖాతాలో (క్రెడిట్ లెడ్జర్‌లో) పేరుకుపోతుంది. దాన్ని తిరిగి అడిగే హక్కు మనకుంది. 2024 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు నా లెక్క ఇదీ: ఎగుమతి టర్నోవర్ 18,40,000 రూపాయలు. అందులో జర్మనీ సంస్థది 11,04,000. దేశీయ క్లయింట్లు లేరు. ప్రకటన స్థలం కొన్నందుకు కట్టిన జీఎస్టీ 54,000, అద్దె కార్యాలయానికి 16,200, ఇంటర్నెట్, ఫోనుకు 1,100. ఇక విదేశీ సాఫ్ట్‌వేర్ చందాల మీద రివర్స్ చార్జ్ కింద కట్టింది 20,700. అన్నీ కలిపి 92,000.

రివర్స్ చార్జ్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే మన పనిలో దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. ఈమెయిల్ పంపే సాఫ్ట్‌వేర్‌కో, డిజైన్ సాఫ్ట్‌వేర్‌కో విదేశీ సంస్థకు కార్డుతో చందా కడతాం. అది సేవల దిగుమతి. దాని మీద 18 శాతం పన్ను మనమే కట్టాలి, అదీ క్రెడిట్‌తో కాకుండా నగదుగా. కట్టాక దాన్నే మళ్లీ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, ఎగుమతిదారులైతే రిఫండ్‌గానూ అడగవచ్చు. నేను 1,15,000 రూపాయల చందాలకు నెలనెలా సొంత ఇన్వాయిస్ రాసుకుని కట్టాను. కట్టి ఉండకపోతే ఆ సాఫ్ట్‌వేర్ బిల్లులే ఇంకో నోటీసుకు దారి తీసేవి.

అదే కాలంలో కొన్న ల్యాప్‌టాప్ మీద కట్టిన 12,600 మాత్రం ఈ లెక్కలో కలపలేదు. అది మూలధన వస్తువు. పన్ను చెల్లించకుండా చేసే ఎగుమతుల రిఫండ్ సూత్రంలో మూలధన వస్తువుల క్రెడిట్ చేరదు. అది లెడ్జర్‌లోనే ఉండిపోయింది.

2025 జనవరిలో రిఫండ్ దరఖాస్తు, ఆర్‌ఎఫ్‌డీ-01 దాఖలు చేశాను. పది రోజులకు దరఖాస్తులో లోపాలున్నాయంటూ డిఫిషియన్సీ మెమో వచ్చింది. తప్పు నాదే. ఒక ఇన్వాయిస్ 1,800 యూరోలు, బ్యాంకులో పడింది 1,788. మధ్యలో బ్యాంకులు 12 యూరోలు కోసుకున్నాయి. నేను ఒక చోట ఇన్వాయిస్ మొత్తం, ఇంకో చోట చేతికి వచ్చిన మొత్తం వేశాను. పైగా రెండు ఇన్వాయిస్‌ల డబ్బు ఒకేసారి వచ్చిన చోట దేనికెంత అని విడదీయలేదు. సేవల ఎగుమతి టర్నోవర్‌ను ఆ కాలంలో అందిన చెల్లింపుల ఆధారంగా లెక్కిస్తారు. ప్రతి ఇన్వాయిస్ పక్కన బ్యాంకు ఇచ్చిన విదేశీ చెల్లింపు ధ్రువపత్రం నంబరు, తేదీ, మొత్తం వేసి, తేడా ఎందుకొచ్చిందో ఒక వరుస రాసి, ఫిబ్రవరి మొదట్లో మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టాను. మెమో వస్తే పాత దరఖాస్తును సవరించడం కుదరదు, మొదటి నుంచి పెట్టాల్సిందే. ఆ ధ్రువపత్రాల మీద, డబ్బు ఏ పనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ కూడా చూసుకోండి. నావన్నీ పీ1007, ప్రకటనల సేవలు. బ్యాంకు వారు వేరే కోడ్ వేసి ఉంటే చర్చ అక్కడి నుంచే మొదలయ్యేది.

మార్చిలో షోకాజ్ నోటీసు వచ్చింది, ఆర్‌ఎఫ్‌డీ-08. రెండు పేజీలు. సాయంత్రం ఫోనులో తెరిచి చదివాను. జర్మనీ సంస్థకు చేసిన సేవలన్నీ ఎగుమతి ఎందుకు కావో రెండు కారణాలు ఇచ్చారు. ఒకటి, ప్రకటనలు చూసింది భారతదేశంలోని వారు కాబట్టి సేవ ఇక్కడే వినియోగమైంది. రెండు, ఇన్వాయిస్‌లలో, ఒప్పందంలో ‘కమీషన్’ అని ఉంది కాబట్టి నేను మధ్యవర్తిని.

జవాబుకు 15 రోజులు. ఆ రాత్రి నేను వేసుకున్న లెక్క ఇప్పటికీ గుర్తుంది. రిఫండ్‌లో అరవై శాతం, అంటే 55,200 పోతుంది. అది భరించవచ్చు. కానీ అవి ఎగుమతులు కావని తేలితే 11,04,000 మీద 18 శాతం, అంటే 1,98,720 రూపాయలు నేను ఎదురు కట్టాలి. దాని మీద వడ్డీ. ఆ క్లయింటు నుంచి వచ్చిన డబ్బులో సగానికి పైగా ప్రకటనలకు, ఖర్చులకు ఎప్పుడో అయిపోయింది.

మరునాడు ఆడిటర్ గారి దగ్గరకు వెళ్లాను. నోటీసు చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. “చూడమ్మా, మొదటి కారణం నిలబడదు. రెండోదాని గురించి నాకు నువ్వే చెప్పాలి. వాళ్లకు నువ్వు నిజంగా ఏమేం చేశావు? ఇన్వాయిస్ సంగతి వదిలేయ్, చేసిన పని చెప్పు” అన్నారు.

మొదటి కారణం ఎందుకు నిలబడదంటే, దాని మీద 2024 సెప్టెంబరు 10న 230/24/2024 నంబరుతో ఒక సర్క్యులర్ వచ్చి ఉంది. సరిగ్గా మనలాంటివారి కోసమే రాసినట్టు ఉంటుంది. విదేశీ క్లయింటు తన ప్రకటనల పని మొత్తం ఇక్కడి ఏజెన్సీకి అప్పగించి, ఏజెన్సీ సొంతంగా మీడియాతో ఒప్పందం చేసుకుని, బిల్లు తన పేరున తీసుకుని, తర్వాత క్లయింటుకు బిల్లు ఇస్తే ఆ ఏజెన్సీ మధ్యవర్తి కాదు. సేవ తీసుకున్నది విదేశీ క్లయింటే, ప్రకటన చూసిన ప్రేక్షకులు కారు. అయితే మీడియా సంస్థ నేరుగా విదేశీ క్లయింటుకే బిల్లు ఇచ్చి, మన పాత్ర ఇద్దరినీ కలపడం వరకే ఉంటే అప్పుడు మధ్యవర్తిత్వం అవుతుంది. ప్రకటన వేదికల బిల్లులన్నీ నా జీఎస్టీ నంబరు మీదే ఉన్నాయి. ఆ బిల్లుల కట్టను చూసినప్పుడు కలిగిన ధైర్యం ఇంకే కాగితమూ ఇవ్వలేదు. మొదట్లో క్లయింటు తన కార్డు నేరుగా వేదికకు తగిలిస్తానన్నప్పుడు, లెక్కలు నా దగ్గరుంటే తేలిక అని నేనే వద్దన్నాను. పన్ను ఆలోచనతో చేసింది కాకపోయినా నన్ను కాపాడింది అదే.

రెండో కారణం దగ్గర నిజాయతీగా కూర్చుని ఆలోచించాను. ‘కమీషన్’ అని రాసిన ఇన్వాయిస్‌లు మూడు. మధ్యవర్తి అంటే ఎవరో 159/15/2021 సర్క్యులర్ వివరిస్తుంది: కనీసం ముగ్గురు ఉండాలి, ఇద్దరి మధ్య ఒక అసలు లావాదేవీ ఉండాలి, మూడో మనిషి దాన్ని కుదిర్చే వేరే పని చేయాలి. సొంతంగా తానే సేవ ఇచ్చేవారు మధ్యవర్తి కారు. ఈ కొలతతో చూస్తే, ఒక ఇన్వాయిస్ ప్రకటనల ద్వారా అనుకున్నదానికంటే ఎక్కువ మంది నుంచి ఎంక్వైరీలు వచ్చినందుకు ఇచ్చిన అదనపు ప్రతిఫలం. నా సొంత పనికే ఆ డబ్బు. పేరు మాత్రమే తప్పు. మిగతా రెండూ అలా కావు. జూలైలో ఆ సంస్థ ఇక్కడి డీలర్లతో మాట్లాడమని నన్ను అడిగింది. నేను ఫోన్లు చేశాను, ధర బేరం మాట్లాడాను, ఆర్డరు కుదిర్చి పంపాను. ఆర్డరు విలువ మీద 5 శాతం తీసుకున్నాను. అసలు అమ్మకం జర్మనీ సంస్థకు, డీలరుకు మధ్య. నేను మధ్యలో ఉన్నాను. రెండూ కలిపి 2,30,000 రూపాయలు.

ఆడిటర్ గారితో ఈ మాటే అన్నాను. “అయితే ఆ రెండూ ఒప్పేసుకుందాం. మిగతావి గట్టిగా నిలబెడదాం” అన్నారు. అన్నింటికీ కలిపి ఒకే వాదన పెడితే బలహీనమైన రెండింటి వల్ల బలమైనవి కూడా అనుమానంలో పడతాయని ఆయన ఉద్దేశం. ఆ సలహాకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆర్‌ఎఫ్‌డీ-09లో జవాబు అలాగే రాశాం. ఏ ఇన్వాయిస్‌కు ఏ పని, దానికి ఏ నివేదిక, ఏ బిల్లు అని పట్టిక వేసి, వ్యక్తిగత విచారణ కోరాం.

ఆ విచారణలోనే అధికారి పెన్సిలుతో సున్నా చుట్టింది. నేను ఆ అదనపు ప్రతిఫలం ఇన్వాయిస్‌కు సంబంధించిన నివేదిక ముందు పెట్టాను. ఏ వారం ఎన్ని ఎంక్వైరీలు వచ్చాయో, ఏ ప్రకటన నుంచి వచ్చాయో వరుసగా ఉంది. ఆయన అయిదారు నిమిషాలు చదివారు. “ఈ ఎంక్వైరీలు అమ్మకాలయ్యాయో లేదో మీకు తెలుస్తుందా?” అని అడిగారు. తెలియదన్నాను. “మీరు వాళ్లతో మాట్లాడరా?” మాట్లాడనని, వివరాలు నేరుగా క్లయింటుకు చేరిపోతాయని చెప్పాను. “మరి ఆ రెండింటిలో మాట్లాడారు కదా?” మాట్లాడానని ఒప్పుకున్నాను. ఆయన తలూపి నోట్ చేసుకున్నారు. మాట కటువుగా ఉంటుందని భయపడుతూ వెళ్లాను. ఆయన సరిగ్గా అడగాల్సిన మూడు ప్రశ్నలే అడిగారు.

ఏప్రిల్‌లో రిఫండ్ ఉత్తర్వు, ఆర్‌ఎఫ్‌డీ-06 వచ్చింది. ఎగుమతి టర్నోవర్‌ను 16,10,000గా తీసుకుని, మొత్తం టర్నోవర్ 18,40,000తో భాగించి, 92,000తో గుణిస్తే 80,500. అంత మంజూరైంది. మిగిలిన 11,500 తిరిగి క్రెడిట్ లెడ్జర్‌కు చేరింది. ఆ రెండు ఇన్వాయిస్‌ల మీద కట్టాల్సిన 41,400, అంటే కేంద్రానికి 9, రాష్ట్రానికి 9 శాతం చొప్పున, పన్ను కట్టమనే నోటీసు దాకా ఆగకుండా, స్వచ్ఛందంగా కట్టే ఫారం డీఆర్‌సీ-03 ద్వారా మేమే కట్టేశాం. అలా ముందే కడితే జరిమానా ఉండదు. ల్యాప్‌టాప్ క్రెడిట్ 12,600, తిరిగొచ్చిన 11,500 అందులో వాడుకున్నాం. మిగతా 17,300, పైగా వడ్డీ నగదుగా కట్టాను. ఒప్పందంలో పన్నులు అదనమని రాసి ఉన్నందున జర్మనీ సంస్థను అడిగాను. మన జీఎస్టీని వాళ్లు అక్కడ క్రెడిట్‌గా తీసుకోలేరు కాబట్టి వెనకాడారు. చివరికి సగం, 20,700 ఇచ్చారు.

ఆదాయపు పన్ను దగ్గర కూడా ‘కమీషన్’ అన్న మాటే అడ్డం వచ్చింది. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో చిన్న వ్యాపారాలకు సెక్షన్ 44ఏడీ కింద డిజిటల్ వసూళ్ల మీద 6 శాతం లాభం చూపించి సరిపెట్టే సౌకర్యం ఉండేది. కానీ కమీషన్, దళారీ ఆదాయం ఉన్నవారికి, ఏజెన్సీ వ్యాపారం చేసేవారికి అది వర్తించేది కాదు. వృత్తి నిపుణులకు అలాంటి సౌకర్యమే ఇచ్చిన 44ఏడీఏ జాబితాలో మార్కెటింగ్ పేరు లేదు. ఆ ఏడాది పూర్తి ఖాతాలు రాసి రిటర్ను వేశాను.

2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ జీఎస్టీ మండలి సమావేశం సెక్షన్ 13(8)(బి)ని తొలగించాలని సిఫార్సు చేసింది. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా సంతోషం కలిగింది. విదేశీ సంస్థ తరఫున ఇక్కడ ఆర్డర్లు కుదిర్చేవారు ఏళ్ల తరబడి ఆ క్లాజుతో పోరాడుతూ వచ్చారు. తెచ్చేది విదేశీ మారకమే అయినా వారిని ఎగుమతిదారులుగా చూడకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. నా ఇన్వాయిస్‌లు 2024వి కాబట్టి వాటికి అప్పటి నిబంధనే వర్తించింది.

జర్మనీ సంస్థతో ఇప్పుడు రెండు వేర్వేరు ఒప్పందాలు ఉన్నాయి. ఒకటి ప్రకటనల సేవలకు: ప్రకటన స్థలం నేను నా పేరున కొంటాను, ప్రతిఫలం నెలకు ఇంత, ఎంక్వైరీలు లక్ష్యం దాటితే అదనపు రుసుము ఇంత. రెండోది డీలర్ల పనికి. దానికి వేరే ఇన్వాయిస్ వరుస, వేరే సేవా కోడ్. కొత్త ముసాయిదా పంపినప్పుడు వాళ్ల న్యాయ విభాగం నుంచి ఒక ప్రశ్న వచ్చింది: మొదటి ఒప్పందంలో కమీషన్ అన్న మాట ఎందుకు తీసేశారు, చెల్లించే మొత్తం మారలేదు కదా అని. చేసే పని ఏమిటో అదే రాశానని, డీలర్లతో మాట్లాడే పనికి ఆ మాట రెండో ఒప్పందంలో అలాగే ఉంచానని జవాబిచ్చాను. రెండు రోజులకు సంతకాలతో తిరిగి వచ్చింది.